రీసెర్చ్‌తో ఎల్‌ఎల్‌ఎం: నల్గొండ, పాలమూరు విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను నల్గొండ కోర్టులో ప్రాక్టీస్ చేస్తూ ఎల్‌ఎల్‌ఎం, అంటే లాలో పీజీ, పూర్తి చేశాను. అప్పటినుంచి జూనియర్లు కోర్టు వరండాలో కనిపించినా, ఫోన్ చేసినా, ఎక్కువగా ఇవే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే అన్నీ ఒకచోట రాసిపెడితే మంచిదనిపించింది.

ఎల్‌ఎల్‌ఎం అంటే ఎల్‌ఎల్‌బీలో చదివినవే ఇంకాస్త లోతుగా చదవడమేనా అన్నా?

కొంతవరకు అంతే. రాజ్యాంగ చట్టం, జ్యూరిస్‌ప్రుడెన్స్ (న్యాయశాస్త్ర సిద్ధాంతాలు) లాంటి పేపర్లు, మీరు తీసుకున్న స్పెషలైజేషన్ పేపర్లు ఉంటాయి. మిగతాది డిసర్టేషన్. దాన్ని అందరూ థీసిస్ అనేస్తారు. ఒక ప్రశ్న పట్టుకుని, చట్టం ఏం చెబుతోంది, కోర్టులు ఏమన్నాయి, నేల మీద ఏం జరుగుతోంది అని వెతికి, మీ సొంత జవాబు రాయాలి. ఎల్‌ఎల్‌బీలో మనల్ని అలా రాయమని ఎవరూ అడగలేదు. మనవాళ్లు తడబడేది అక్కడే. పేపర్లకు చదివే అలవాటు ఉంది కాబట్టి పరీక్షలు గట్టెక్కుతాం, డిసర్టేషన్‌ను మాత్రం ఆఖరి నెలకు తోసేస్తాం. ఈ పేజీలో ఎక్కువ భాగం దాని గురించే రాశాను.

పూర్తిగా రీసెర్చే ఉండే ఎంఫిల్ చేయొచ్చు కదా?

ఇప్పుడు లేదు. 2022 నిబంధనలతో యూజీసీ ఎంఫిల్‌ను ఆపేసింది. ఎవరైనా అడ్మిషన్ ఇస్తామన్నా చేరకండి, ఆ డిగ్రీకి గుర్తింపు ఉండదు. పీహెచ్‌డీకి ముందు పరిశోధన నేర్చుకోవాలంటే మనకు ఎల్‌ఎల్‌ఎం డిసర్టేషనే మెట్టు.

ఏ ఎంట్రన్స్ రాయాలి?

మనకు ప్రధానంగా రెండు దారులు. మొదటిది రాష్ట్ర పీజీఎల్‌సెట్. 120 ప్రశ్నలు, గంటన్నర టైమ్, కంప్యూటర్ మీద పరీక్ష, నెగెటివ్ మార్కులు లేవు. అర్హతకు 25 శాతం, అంటే 30 మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఆ కనీస మార్కు లేదు. ఉస్మానియా లా కాలేజీల్లో, రాష్ట్రంలోని మిగతా ఎల్‌ఎల్‌ఎం కాలేజీల్లో కన్వీనర్ సీట్లు ఈ ర్యాంకుతోనే ఇస్తారు.

రెండోది క్లాట్ పీజీ. శామీర్‌పేటలోని నల్సార్‌తో పాటు దేశంలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల కోసం. ఇందులోనూ 120 ప్రశ్నలే, టైమ్ రెండు గంటలు. తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది. తీర్పుల్లోంచి పేరాలు ఇచ్చి ప్రశ్నలు అడుగుతారు కాబట్టి బట్టీ పనిచేయదు. ఎల్‌ఎల్‌బీలో 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 45 శాతం ఉండాలి.

ఫీజు కట్టగలిగితే రెండూ రాయండి. పీజీఎల్‌సెట్‌లో జ్యూరిస్‌ప్రుడెన్స్, రాజ్యాంగం కలిపి మూడో వంతు మార్కులు. క్లాట్‌లో కూడా రాజ్యాంగానికే పెద్ద పీట. కాబట్టి చదువు అక్కడినుంచి మొదలుపెడితే రెండింటికీ పనికొస్తుంది. క్రిమినల్ లా చదివేవాళ్లు 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియం పుస్తకాలే కొనండి. పాత ఐపీసీ గైడు తక్కువ ధరకు వస్తోందని తెచ్చుకోవద్దు.

డిగ్రీ దాకా తెలుగు మీడియం. ఇంగ్లీషులో థీసిస్ రాయగలనా?

రాయగలరు. నేనూ తెలుగు మీడియమే. ఎంట్రన్సూ ఇంగ్లీషే, డిసర్టేషనూ ఇంగ్లీషే, దాన్నుంచి తప్పించుకోలేం. కానీ లా ఇంగ్లీషుకు కావాల్సింది గొప్ప పదాలు కాదు, చిన్న వాక్యాలు. నేను రోజుకు ఒక తీర్పులో పది పేరాలు చదివి, ఒక్కో పేరాను ఒక్క వాక్యంలో నా మాటల్లో రాసుకునేవాణ్ని. ఆరు నెలలకు చేయి తిరిగింది. ముందు తెలుగులో ఆలోచన పేర్చుకుని, తర్వాత ఇంగ్లీషులో రాస్తే తప్పేం లేదు. భూమి కేసుల మీద రాసేటప్పుడైతే తెలుగు, ఉర్దూ మాటలు తెలిసి ఉండటం పెద్ద ఆస్తి. సేత్వార్, ఖాస్రా పహాణీ, వసూల్ బాకీ లాంటి పాత భూమి రికార్డులంటే ఏంటో ఏ ఇంగ్లీషు పుస్తకమూ మన పట్వారీ కుటుంబాల్లోని పెద్దవాళ్లు చెప్పినంత బాగా చెప్పదు.

ఏడాది కోర్సా, రెండేళ్ల కోర్సా?

ఉస్మానియాలో రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు. నల్సార్ లాంటి చోట ఏడాది. 2021 జనవరిలో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఏడాది కోర్సును ఎత్తేస్తూ నిబంధనలు తెచ్చింది. వాటిని సుప్రీంకోర్టులో సవాలు చేశారు, జాతీయ విశ్వవిద్యాలయాల్లో ఏడాది కోర్సు నడుస్తూనే ఉంది. ఇంట్లో ఆర్థికంగా వీలున్నవాళ్లకు, పూర్తికాలం చదవగలిగినవాళ్లకు ఏడాది కోర్సు మంచిదే. ఫీల్డ్ వర్క్ ఉన్న అంశం తీసుకోవాలనుకుంటే మాత్రం నా ఓటు రెండేళ్ల కోర్సుకే. ఊళ్లలో తిరగడానికి, ఆఫీసుల్లో రికార్డుల కోసం ఎదురుచూడటానికి ఏడాది చాలదు.

అప్లై చేసే ముందు ఏవేవి దగ్గర పెట్టుకోవాలి?

టెన్త్ మెమో, ఇంటర్, డిగ్రీ, ఎల్‌ఎల్‌బీ మెమోలు, ప్రొవిజనల్, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఆధార్, ఫోటోలు. ఆదాయ ధ్రువపత్రం ముందే మీసేవలో పెట్టుకోండి, కౌన్సెలింగ్ వారంలో పరిగెత్తాల్సిన పని ఉండదు. స్కాలర్‌షిప్‌కు, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఈపాస్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో వేరేగా అప్లై చేయాలి, సీటు వస్తే దానంతటదే రాదు. టెన్త్ మెమోలో పేరుకూ ఆధార్‌లో పేరుకూ తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉండి వెరిఫికేషన్ దగ్గర ఆగిపోయినవాళ్లను చూశాను.

ప్రాక్టీస్ చేసుకుంటూ చదవొచ్చా? నల్గొండ నుంచి రోజూ వెళ్లి రావొచ్చా?

ఎల్‌ఎల్‌ఎం కోసం సనదు (లాయర్‌గా ప్రాక్టీస్ చేసే అనుమతి) సస్పెండ్ చేయించుకోనక్కర్లేదు, బార్ కౌన్సిల్ అందుకు అనుమతిస్తోంది. అసలు చిక్కు అటెండెన్స్‌తోనే.

ఇక ప్రయాణం. నల్గొండైనా, మహబూబ్‌నగరైనా హైదరాబాద్ దాదాపు వంద కిలోమీటర్లు. మహబూబ్‌నగర్ వాళ్లకు కాచిగూడలో దిగితే ఉస్మానియా దగ్గరే. రోజూ వెళ్లి రావడం నేను మొదటి సెమిస్టర్‌లో చేశాను. పొద్దున ఐదున్నరకు ఇల్లు వదిలితే రాత్రి తొమ్మిదికి చేరేవాణ్ని. తిరుగు ప్రయాణంలో చదువుదామని తెచ్చుకున్న పుస్తకం ఒళ్లో తెరిచి ఉండేది, నేను నిద్రపోయేవాణ్ని. రెండో సెమిస్టర్ నుంచి వారంలో నాలుగు రోజులు విద్యానగర్‌లో ఒక మిత్రుడి రూములో ఉన్నాను. మీకూ అదే చెబుతాను. మీ సీనియర్‌తో ముందే మాట్లాడుకుని, క్లాసుల్లేని రోజుల్లో మాత్రమే మీ కేసులు పెట్టుకోండి.

జడ్జి పరీక్షకు ఎల్‌ఎల్‌ఎం ఉపయోగపడుతుందా?

చదువుగా ఉపయోగపడుతుంది, అర్హతగా కాదు. 2025 మే 20న సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి పోస్టులకు మూడేళ్ల ప్రాక్టీస్‌ను మళ్లీ తప్పనిసరి చేసింది. ఎల్‌ఎల్‌ఎం చదవడం ఒక్కటే ప్రాక్టీస్ అయిపోదు. జడ్జి కావడమే లక్ష్యమైతే ఏది ముందు, ఏది తర్వాత అని ఇంట్లో కూర్చుని కాగితం మీద లెక్క వేసుకోండి.

టాపిక్ ఎలా ఎంచుకోవాలి? గూగుల్‌లో వెతికితే అన్నీ ఎవరో రాసినవే కనిపిస్తున్నాయి.

ఈ ప్రశ్న కోసమే ఈ పేజీ రాయాలనిపించింది. ఎవరిని అడిగినా ‘మహిళల హక్కులు’, ‘సైబర్ నేరాలు’, ‘పర్యావరణ చట్టం’ అంటారు. అవి టాపిక్‌లు కావు, పుస్తకాల అట్టలు. వాటి మీద రాయడం మొదలుపెడితే ఎక్కడ ఆపాలో తెలియదు.

మనం పుట్టిన నేలను ఒకసారి చూడండి. పోచంపల్లిలో 1951 ఏప్రిల్ 18న వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలిస్తానని లేచి నిలబడ్డారు, భూదానోద్యమం అక్కడ పుట్టింది. 1965లో భూదాన, గ్రామదాన చట్టం వచ్చింది. ఆ భూముల మీద ఇవాళ హక్కులు ఎవరివి? మర్రిగూడ, మునుగోడు వైపు తరాల తరబడి ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయాయి. 21వ అధికరణం కింద సురక్షితమైన నీరు జీవించే హక్కులో భాగమని కోర్టులు అన్నాయి, ఆ హక్కు ఉల్లంఘన జరిగితే పరిహారం ఎవరివ్వాలి? పాలమూరు నుంచి వలస పోయే కూలీల్లాంటివాళ్ల కోసం 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చేశారు. దాన్ని ఇప్పుడు 2020 నాటి కార్మిక కోడ్‌లో కలిపేశారు, 2025 నవంబర్ 21 నుంచి అది అమల్లోకి వచ్చింది. పాత చట్టంలో ఉన్న ఏ రక్షణ కొత్తదాంట్లో మిగిలింది, ఏది పోయింది? నల్లమలలో చెంచులకు 2006 అటవీ హక్కుల చట్టం ఒకవైపు, అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఒకవైపు. శ్రీశైలం ముంపులో కొల్లాపూర్, అలంపూర్ ప్రాంతాల ఊళ్లు పోయాయి. ఆడపిల్లలను దేవుడికి అంకితం చేసే జోగిని ఆచారాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది, దాని కింద కేసులు ఎన్ని నమోదయ్యాయి, ఎన్నింట్లో శిక్షలు పడ్డాయి? భూమి రికార్డుల్లో ధరణి పోయి 2025లో భూభారతి వచ్చింది. సాదాబైనామాలతో, అంటే రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితం ఒప్పందాలతో, భూమి కొన్న రైతు పరిస్థితి ఏంటి?

వీటిలో ఏ ఒక్కటైనా రెండేళ్ల పని. పక్క రాష్ట్రం విద్యార్థికి ఇవి పుస్తకంలో పేర్లు, మీకు మేనమామ ఊరు. నేనొక చిన్న పరీక్ష పెట్టుకున్నాను: నా టాపిక్‌ను ప్రశ్నార్థకంతో ముగిసే ఒక్క వాక్యంగా చెప్పగలనా? అది మా అమ్మకు అర్థమవుతుందా? ‘రక్షిత కౌలుదారు హక్కులు’ అన్నంతసేపు నాకు దారి దొరకలేదు. ‘38-ఇ సర్టిఫికెట్ ఉన్న కౌలుదారుకు భూమి స్వాధీనం ఎందుకు కావడం లేదు?’ అన్నాక పని మొదలైంది. 38-ఇ అంటే కౌలుదారును ఆ భూమికి యజమానిగా గుర్తిస్తూ ఇచ్చే సర్టిఫికెట్.

గైడ్‌ను మనమే ఎంచుకోవచ్చా?

కొన్నిచోట్ల అడుగుతారు, కొన్నిచోట్ల కేటాయిస్తారు. అడిగే అవకాశం ఉంటే పేరున్నవాళ్ల కంటే మీ చాప్టర్ చదివి తిరిగిచ్చేవాళ్లను ఎంచుకోండి. ఆ సంగతి సీనియర్లు చెబుతారు. నా గైడ్ మధ్యలో మారారు. కొత్త సార్‌కు నా అంశంతో పరిచయం లేదు, మూడు నెలలు నేను ఆయన్ను కలవకుండా తప్పించుకు తిరిగాను. తప్పు నాదే. వెళ్లి కూర్చుని, భూమి చట్టం తెలియని ఆయనకు అర్థమయ్యేలా చెప్పడం మొదలుపెట్టాక నా రెండో చాప్టర్ బాగుపడింది. ప్రతి మీటింగ్‌కు రెండు పేజీలైనా రాసి తీసుకెళ్లండి. చెప్పినవి అక్కడికక్కడే నోట్ చేసుకుని, ఆ రాత్రే మెయిల్ పెట్టండి.

సినాప్సిస్‌లో (పరిశోధన ప్రతిపాదనలో) ఏముండాలి?

సమస్య ఏంటి, ఇప్పటిదాకా ఎవరేం రాశారు, ఎవరూ చూడనిది ఏంటి, మీ ప్రశ్నలు (మూడుకు మించొద్దు), పద్ధతి, చాప్టర్ల పేర్లు. హైపోథిసిస్ అడిగితే భయపడకండి, మీరు ఊహిస్తున్న జవాబే అది. ఆ జవాబు తప్పని తేలినా డిసర్టేషన్ చెల్లుతుంది.

లైబ్రరీలో కూర్చుని రాస్తే సరిపోదా? ఊళ్లోకి వెళ్లాలా?

చట్టాలు, తీర్పులు మాత్రమే చదివి రాసేదాన్ని డాక్ట్రినల్ అంటారు. అది తక్కువేం కాదు, మంచి డిసర్టేషన్లు చాలావరకు అలాంటివే. కానీ మీ ప్రశ్నలో ‘ఎందుకు జరగడం లేదు’ అని ఉంటే గడప దాటాలి.

దేవరకొండ వైపు ఒక ఊరికి వెళ్లాను. ఎనభై దాటిన ఒక పెద్దాయన ఇనుప పెట్టె తెరిచి, పాత పంచె కింద నుంచి పాలిథిన్ కవర్ తీశారు. దాంట్లో ఇంకో కవర్. దాంట్లో నాలుగు మడతల మీద చిరిగిపోయిన 38-ఇ సర్టిఫికెట్, 1950 కౌలుదారీ చట్టం కింద ఇచ్చింది. మడత తీయడానికి నన్ను ముట్టుకోనివ్వలేదు, తనే రెండు అరచేతుల మధ్య పెట్టి విప్పారు. ‘గీ కాగితంతోని భూమి నాదైతదా సారూ?’ అన్నారు. చట్టం ప్రకారం ఆ సర్టిఫికెట్ యాజమాన్యానికి తిరుగులేని సాక్ష్యం. స్వాధీనంలో లేకపోతే అధికారులు స్వాధీనం చేయించాలి. 1989లో కోటయ్య కేసులో సుప్రీంకోర్టు కూడా కౌలుదారు వైపే నిలబడింది. ఇవన్నీ నా ఫైల్లో ఉన్నాయి. ఆయన మాత్రం ఆ భూమిలో ఒక్క పంట తీయలేదు. నా మూడో చాప్టర్ మొత్తం ఆ దూరం గురించే.

ఊరికి వెళ్లేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. ఎందుకు అడుగుతున్నారో ముందు చెప్పండి, రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి, చదవలేనివాళ్లకు చదివి వినిపించండి. కేసు గెలిపిస్తామనే ఆశ పెట్టొద్దు. థీసిస్‌లో అసలు పేర్లు రాయొద్దు. ఇరవై మందితో గంటేసి మాట్లాడటం, రెండు వందల మందితో టిక్కులు పెట్టించడం కంటే నయం, ఎల్‌ఎల్‌ఎంకి అది చాలు.

ఆఫీసు లెక్కలకు సమాచార హక్కు చట్టం వాడండి. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు 30 రోజుల గడువు, అప్పీలు కూడా లెక్కలో పెట్టుకుని మొదటి ఏడాదే దరఖాస్తు వేయండి. నిజాం కాలం నాటి రికార్డులు కావాలంటే ఉస్మానియా పక్కనే తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. ఉర్దూ చదివిపెట్టేవాళ్లు తోడుంటే మంచిది.

తీర్పుల కోసం డేటాబేస్ కొనాలా?

వద్దు. యూనివర్సిటీ లైబ్రరీలో ఎస్‌సీసీ ఆన్‌లైన్, మనుపాత్ర ఉంటే వాడుకోండి. ఇంట్లో ఇండియన్ కానూన్, సుప్రీంకోర్టు వారి ఈ-ఎస్‌సీఆర్ ఉచితం. చట్టాల అసలు పాఠానికి ఇండియా కోడ్, పాత థీసిస్‌లకు శోధగంగ.

ఫుట్‌నోట్లు ఏ పద్ధతిలో?

మీ యూనివర్సిటీ చెప్పిన పద్ధతి. ఏదీ చెప్పకపోతే ఒకటి ఎంచుకుని చివరిదాకా అదే పాటించండి. చదివిన రోజే పేజీ నంబరుతో సహా రాసిపెట్టుకోండి.

ప్లేజియరిజం (ఇతరుల రాతలతో పోలిక) ఎంత శాతం దాకా పర్వాలేదు?

2018 యూజీసీ నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం దాకా అయితే శిక్ష లేదు. 10 నుంచి 40 మధ్య ఉంటే ఆరు నెలల్లోపు సరిచేసి మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది పాటు ఇవ్వనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు.

నా మొదటి డ్రాఫ్ట్‌కు 34 శాతం వచ్చింది. నేను కాపీ కొట్టాలనుకోలేదు. నోట్స్ రాసుకునేటప్పుడు తీర్పుల్లోని వాక్యాలను కొటేషన్ గుర్తులు లేకుండా దించుకున్నాను, ఆరు నెలల తర్వాత అవి నా వాక్యాలే అనుకున్నాను. ఆ రాత్రి పడిన టెన్షన్ ఎవరికీ వద్దు. అప్పటినుంచి ఇతరుల మాటలు ఎర్ర ఇంకుతో, నావి నీలం ఇంకుతో రాస్తున్నాను. పోలిక తగ్గించడానికి పదాలు మార్చే సాఫ్ట్‌వేర్లు వాడకండి. లాలో ‘స్వాధీనం’, ‘యాజమాన్యం’ లాంటి మాటకు ఇంకో మాట పెడితే అర్థమే మారిపోతుంది.

ఏఐతో రాయించుకుంటే?

వద్దు. లేని కేసులను ఉన్నట్టు సైటేషన్‌తో సహా చూపిస్తుంది. ఏ కేసైనా తీర్పు తెరిచి, ఆ పేరా మీ కళ్లతో చదవకుండా ఫుట్‌నోట్‌లో పెట్టొద్దు.

చాలామంది మధ్యలో ఎందుకు ఆపేస్తారు?

పెళ్లిళ్లు, ఉద్యోగాలు, కోర్టు పని, ఇంట్లో ఎవరికో ఆరోగ్యం బాగోకపోవడం. పేపర్లన్నీ పాసై డిసర్టేషన్ ఒక్కటి మిగిలిపోయినవాళ్లను నేనే నలుగురిని ఎరుగుదును. నాలుగు సెమిస్టర్ల కోర్సయితే రెండో సెమిస్టర్ చివరికి టాపిక్, మూడో సెమిస్టర్‌లో మెటీరియల్, రెండు చాప్టర్లు, నాలుగో దాంట్లో మిగతావి. ముందుమాట చాప్టర్ ఆఖర్న రాయండి. రోజుకు మూడు వందల మాటలు చాలు, వాయిదాలు ఎక్కువున్న రోజు కూడా అంత రాయొచ్చు. ఫైలును ఫోన్‌లో, మెయిల్‌లో, పెన్‌డ్రైవ్‌లో ఉంచండి. బైండింగ్, సంతకాలకు పది రోజులు వదిలిపెట్టండి.

ఆడపిల్లలు ఒక మాట ఎక్కువగా చెబుతారు: ‘పెళ్లయ్యాక పూర్తి చేస్తా అక్కా’ అని మా ఆవిడతో అంటారు, ఆవిడా ఎల్‌ఎల్‌ఎమ్మే. సంబంధం మాట్లాడే రోజే సబ్మిషన్ తేదీ కూడా పెద్దలకు చెప్పమని ఆవిడ సలహా. అలా చెప్పినవాళ్లలో ఇద్దరు పూర్తి చేశారు.

వైవాలో (థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో) ఏం అడుగుతారు?

ఈ అంశమే ఎందుకు, మీరు కొత్తగా కనుక్కున్నదేంటి, మీ సూచన అమలవుతుందా. మీ థీసిస్‌లో మీరు పెట్టిన కేసుల వాస్తవాలు అడుగుతారు. తెలియకపోతే తెలియదనండి.

తర్వాత ఏంటి?

టీచింగ్‌కు యూజీసీ నెట్ లేదా రాష్ట్ర సెట్. నెట్‌కు ఎల్‌ఎల్‌ఎంలో 55 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకు 50 ఉండాలి. పీహెచ్‌డీకి కూడా 55 శాతం చూస్తారు, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంటుంది.

సబ్మిట్ చేసిన థీసిస్‌ను ఎవరికైనా ఇవ్వాలా?

లైబ్రరీకి, గైడ్‌కు ఎలాగూ ఇస్తారు. మీతో మాట్లాడినవాళ్లకు కూడా ఇవ్వండి. నేను నాలుగు పేజీల తెలుగు సారాంశం రాసుకుని దేవరకొండ వైపు మళ్లీ వెళ్లాను. పెద్దాయనకు ఆయన మనవడు చదివి వినిపించాడు. మూడో పేజీ దగ్గర పెద్దాయన చెయ్యెత్తి ఆపారు. ఆయన భూమి ఎకరం పదమూడు గుంటలని రాశాను, అది ఎకరం ముప్పై ఒక్క గుంట. లైబ్రరీ కాపీలోనూ అదే తప్పుంది. సవరణ కాగితం రాసి గైడ్ సంతకంతో లైబ్రరీలో ఇచ్చి వచ్చాను.